పీ కోటులో బఠాణీ లేదు

ఇంగ్లీషువాళ్లు దాన్ని పీ కోటు అంటారు. పీ అంటే బఠాణీ. కోటుకీ బఠాణీకీ చుట్టరికం ఏమిటో కోటు చూస్తే మాత్రం అర్థం కాదు. రంగు పచ్చగా ఉండదు. ముదురు నీలం, దీపం వెలుతురులో అయితే నలుపే. ముట్టుకుంటే గరుకు, ఎత్తితే బరువు. పొడవు తుంటి దగ్గర ఆగిపోతుంది. ముందువైపు రెండు వరసల బొత్తాలు, ఒక్కోటీ పాత రూపాయి బిళ్లంత, దాని మీద తాడు చుట్టుకున్న లంగరు బొమ్మ. కాలర్ ఎంత వెడల్పంటే, పైకి లేపితే చెవులు రెండూ అందులో దాక్కుంటాయి. మీరు సినిమాల్లో చూసే ఉంటారు. 1975లో వచ్చిన ‘త్రీ డేస్ ఆఫ్ ది కాండోర్’లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ఆ కోటు వేసుకుని న్యూయార్క్ చలిలో తిరుగుతాడు. ఆ కోటు చూసి మనసు పారేసుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నేను దాని వెంట పడింది మాత్రం సినిమా చూసి కాదు. మా అమ్మాయి పురిటికని డిసెంబర్లో నెదర్లాండ్స్ వచ్చాను. వాళ్లుండేది లైడెన్ అనే ఊళ్లో, ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో అరగంట పైచిలుకు. మా చిన్నోడేమో కంటైనర్ల ఓడలో థర్డ్ ఆఫీసర్. ఆ శీతాకాలం వాడి ఓడ తిరుగుడంతా రోటర్‌డామ్, బ్రెమర్‌హావెన్, గోథెన్‌బర్గ్ రేవుల మధ్యే. జనవరిలో కూడా ఫ్యాను లేనిదే పడుకోని విశాఖపట్నం పిల్లాడు! నాకు ఒక కన్ను ఉయ్యాల మీద, ఒక కన్ను ఫోన్‌లో ఓడల్ని చూపించే యాప్ మీద. వాడి ఓడ చిన్న బాణం గుర్తులా కదులుతూ ఉండేది.

ఫిబ్రవరిలో వాడి ఓడ రోటర్‌డామ్‌లో ఒక రోజు ఆగుతుందని తెలిసింది. ఓడ మీద పనిచేసే పిల్లాడికి ఏం పట్టుకెళ్లాలి? ఆవకాయ సరే, జంతికలు సరే. మంచి చలికోటు ఒకటి కొందామనుకున్నాను. అదే మాట కింది వాటాలో ఉండే పెద్దావిడతో అంటే, ఆవిడ వెళ్లి వాళ్లాయన పాత కోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు. ‘దీన్ని మావాళ్లు పెయ్‌యెక్కర్ అనేవాళ్లు’ అంది. పెయ్ అంటే ముతక ఉన్ని బట్ట. యెక్కర్ అంటే పొట్టి కోటు, జాకెట్ అన్నమాట. బఠాణీ గుట్టు అక్కడే రట్టయింది. డచ్చివాళ్ల ‘పెయ్’ని ఇంగ్లీషు చెవులు తమకి తెలిసిన మాటగా విన్నాయి, అంతే. మనవాళ్లు హాస్పిటల్‌ని ఆసుపత్రి చేసుకున్నట్టు.

ఈ పేరు మీద ఇంకో రెండు కథలు కూడా తిరుగుతుంటాయి. అమెరికా నౌకాదళంవాళ్లు చెప్పుకునేది ఒకటి. ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్లు వేసుకునే ముతక నీలం బట్టని పైలట్ క్లాత్ అనేవారనీ, దాని మొదటి అక్షరంతో పీ క్లాత్, పీ జాకెట్ అయిందనీ, ఆ మాట 1723 నుంచీ వాడుకలో ఉందనీ. రెండోది ఇంగ్లండ్‌లో వినిపించేది. పెటీ ఆఫీసర్ల కోసం కుట్టిన కోటు కాబట్టి పీ కోటు అని. ఈ రెండోదాన్ని నేను పక్కన పెట్టేస్తాను. ఆ పెటీ ఆఫీసర్ల కోటు ముచ్చట పంతొమ్మిదో శతాబ్దానిది. మాట అంతకు నూరేళ్ల పైనే పాతది. పైలట్ కథ కాస్త నయం, కానీ మొదటి అక్షరాలతో పొట్టి పేర్లు కట్టడం ఆ కాలపు నావికుల అలవాటులా అనిపించదు. డచ్చి కథకి ఇంకో బలమైన సాక్ష్యం ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ రాసిన ‘కాంటర్‌బరీ టేల్స్’లో ఒక పేద పండితుడు వేసుకున్న వెలిసిపోయిన పై అంగీని ‘కోర్టెపీ’ అన్నాడు. డచ్చి పాత మాటల్లో ‘కోర్టె పీ’ అంటే పొట్టి ఉన్ని అంగీ. అంటే ఆ బట్ట సముద్రం దాటి ఇంగ్లీషులోకి వచ్చింది పీ కోటు కన్నా మూడు వందల ఏళ్ల ముందే.

పెద్దావిడ ఇంకో సంగతి చెప్పింది. ఈ కాలంలో డచ్చిలో ‘పెయ్’ అంటే సన్యాసులు వేసుకునే నిలువుటంగీ. అదీ ముతక ఉన్నే. ఒకే బట్ట ఒకవైపు మఠంలోకి వెళ్లింది, ఇంకోవైపు ఓడెక్కింది. ఉన్నవాళ్లు మాత్రం వేసుకోలేదు. మనకి గొంగడి అన్న మాట వినగానే ఎవరు గుర్తొస్తారో, వాళ్లకి పెయ్ అంటే అలాంటివాళ్లే గుర్తొచ్చేవాళ్లన్నమాట.

లైడెన్ ఊరే ఉన్ని బట్ట మీద బతికిన ఊరు. ఇంటి దగ్గర్లోనే లాకెన్‌హాల్ అని మ్యూజియం ఉంది. లాకెన్ అంటే బట్ట. 1640లో కట్టినప్పుడు అది మ్యూజియం కాదు, తనిఖీ కేంద్రం. ఊళ్లో నేసిన ప్రతి తానూ అక్కడికి రావాలి, పొడవూ నాణ్యతా చూసి సీసపు ముద్ర వేస్తే గానీ బజారుకి వెళ్లకూడదు. 1874 నుంచి మ్యూజియం అయింది. అల్లుడికి కూడా పితృత్వ సెలవులున్నాయి కాబట్టి, మనవరాలు నిద్రపోయే వేళ చూసుకుని ఒక మధ్యాహ్నం వెళ్లొచ్చాను.

అక్కడ ఐజాక్ వాన్ స్వానెన్‌బర్గ్ అనే చిత్రకారుడు గీసిన పెద్ద పెద్ద బొమ్మలున్నాయి. ఆయన కొడుకే రెంబ్రాంట్‌కి తొలి గురువు. ఆ బొమ్మల్లో రాజులూ లేరు, దేవుళ్లూ పెద్దగా లేరు. ఉన్నిని కడిగేవాళ్లు, దువ్వేవాళ్లు, వడికేవాళ్లు, మగ్గం మీద కూర్చున్నవాళ్లు, తొట్లలో నిలబడి బట్ట తొక్కేవాళ్లు. ఆ తొక్కుడు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. చలికోటు కిటుకంతా అందులోనే ఉంది మరి. నేసిన ఉన్ని బట్ట జల్లెడలా ఉంటుంది. దాన్ని వేడి నీళ్లలో, మట్టితోనో మూత్రంతోనో కలిపి గంటల తరబడి తొక్కితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని కుదించుకుపోతాయి. మూరెడు బట్ట జానెడవుతుంది, కానీ గాలి దూరదు. తర్వాత ముళ్లకాయలతో గీరి పైకి నూగు లేపుతారు. వాన పడితే చుక్కలు ఆ నూగు మీదే నిలబడి జారిపోతాయి, లోపలికి ఇంకడానికి చాలా సేపు పడుతుంది. తర్వాత కాలంలో వచ్చిన కెర్సీ, మెల్టన్ లాంటి కోటు గుడ్డలన్నీ ఈ పద్ధతి బిడ్డలే. కెర్సీ అన్నది ఇంగ్లండ్‌లో ఒక పల్లె పేరు, మెల్టన్ కూడా అక్కడి ఒక ఊరి పేరే. మనకి ఉప్పాడ, మంగళగిరి అన్నట్టు.

రంగు సంగతి వచ్చేసరికి నాకు ఇంటి గాలి తగిలింది. ఐరోపావాళ్లకి నీలం అంటే మొదట్లో వోడ్ అనే తమ ఆకు. దాంతో వచ్చేది వెలవెలబోయే నీలం. ముదురు నీలం కావాలంటే నీలిమందు ఉండాలి, అది మన దేశం నుంచి వెళ్లాలి. ఇండిగో అన్న పేరుకి అర్థమే ‘ఇండియా సరుకు’ అని. వోడ్ పండించే రైతులు దెబ్బతింటారని కొన్ని దేశాలవాళ్లు నీలిమందుని నిషేధించి కూడా చూశారు, ఆగలేదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో కాలుపెట్టింది. అక్కడినుంచి ఓడలెక్కిన సరుకుల్లో నూలు బట్టలూ, కలంకారీతోపాటు నీలిమందు కూడా ఉంది. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం... మన కోస్తా పొడుగునా వాళ్ల వ్యాపార స్థావరాలే. భీమిలి లైట్‌హౌస్ దగ్గర డచ్చి సమాధులు మా చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. రాళ్ల మీద ఆ అక్షరాలు చదవడం అప్పట్లో ఎవరికి వచ్చు? లైడెన్‌లో వీధి పేర్లు చదివి చదివి ఇప్పుడు వాటిలో ‘ఇక్కడ నిద్రిస్తున్నారు’ అన్న ముక్క దాకా నాకూ వచ్చేసింది. ఉన్ని కోట్లు వేసుకుని బయల్దేరిన మనుషులు మన ఎండకి తట్టుకోలేక అక్కడ పడుకున్నారు.

వాళ్ల చలి ఎలాంటిదో ఆమ్‌స్టర్‌డామ్‌లో చూశాను. రైక్స్ మ్యూజియంకి అందరూ రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ కోసం వెళ్తారు. నేనూ దాని ముందు నిలబడ్డాను, జనం తలకాయల మధ్యనుంచి చూశాను, వచ్చేశాను. నన్ను కదలనివ్వనిది ఒక అద్దాల బీరువా. అందులో అల్లిక ఉన్ని టోపీలు. చారలవి, గళ్లవి, గోధుమ రంగువి, నీలంవి. పదిహేడో శతాబ్దంలో ఉత్తర ధ్రువం దగ్గరున్న స్పిట్స్‌బెర్గెన్ దీవులకి తిమింగలాల వేటకి వెళ్లి, అక్కడే చనిపోయిన డచ్చివాళ్లవి. 1980లో పురావస్తు శాఖవాళ్లు 185 మంది సమాధుల్ని తవ్వి చూస్తే, చాలా అస్థిపంజరాల తలల మీద టోపీలు అలాగే ఉన్నాయట. మంచులో ఉన్ని చెడలేదు. ఏ రెండు టోపీలూ ఒకలా లేవు. ఎందుకంటే ఆ చలిలో మనిషి నిలువెల్లా చుట్టేసుకుని ఉంటాడు, కనిపించేవి కళ్లే. పక్కనున్నవాడు ఎవడో గుర్తుపట్టేది టోపీ చారల్ని బట్టే.

ఆ చారలు ఏ తల్లో, ఏ పెళ్లామో రంగులు ఎంచి అల్లినవే అయ్యుంటాయి. బీరువా ముందు నిలబడి నేను ఫోన్ తీసి యాప్ చూసుకున్నాను. వాడి బాణం గుర్తు డెన్మార్క్ పక్కన ఉంది.

కోటు అంటే ఇప్పుడు ఫ్యాషన్ గానీ, అప్పట్లో అది నావికుడి జీతంలో కోత. చాలామందికి తెలియని సంగతేమిటంటే, బ్రిటిష్ నౌకాదళంలో ఆఫీసర్లకి నీలం యూనిఫాం 1748లోనే వచ్చింది, మామూలు నావికులకి మాత్రం 1857 దాకా యూనిఫాం అన్నదే లేదు. బట్టలు కావాలంటే ఓడ మీదుండే కొట్టులో కొనుక్కోవాలి, డబ్బు జీతంలోంచి పట్టుకుంటారు. కొట్లో సరుకు అయిపోతే నీ కర్మ. హెర్మన్ మెల్విల్ ఇదే కథ మీద ఒక నవల రాశాడు. ‘మోబీ డిక్’ రాసినాయనే. దానికి ఒక్క ఏడాది ముందు, 1850లో వచ్చిన ఆ నవల పేరు ‘వైట్ జాకెట్’. ఓడ ఇంటిముఖం పట్టబోతుంటే కథ చెప్పే నావికుడికి పీ జాకెట్ దొరకదు. దాంతో ఒక తెల్ల కాన్వాసు చొక్కా తీసుకుని, లోపల పాత గుడ్డపేలికలన్నీ కుక్కి, తనే ఒక కోటు కుట్టుకుంటాడు. నీళ్లు పీల్చకుండా రంగు పూద్దామంటే ఓడవాళ్లు రంగు ఇవ్వరు. వాన పడితే ఆ కోటు స్పంజిలా నీళ్లు తాగుతుంది, చీకట్లో తెల్లగా దయ్యంలా కనిపిస్తుంది. చివరికి కొయ్య మీదనుంచి సముద్రంలో పడితే, మునిగిపోకుండా ఉండటానికి ఆ కోటునే కత్తితో చీల్చుకుని బయటపడాల్సొస్తుంది. మెల్విల్ స్వయంగా అమెరికా యుద్ధనౌక మీద 1843-44లో పనిచేసి వచ్చినవాడు. ఊరికే పుట్టించిన బాధ కాదది.

మరి మన కళాసీల సంగతో? ఈస్టిండియా కంపెనీ ఓడల మీద లండన్ దాకా వెళ్లి, తిరుగు ఓడ దొరక్క అక్కడే చిక్కుకున్న ‘లాస్కర్లు’ చలికి వీధుల్లో వణుకుతుంటే, 1786లో లండన్ పెద్దమనుషులు చందాలు పోగుచేశారు. వాళ్లకి తలదాచుకునే ఇల్లు ఒకటి రేవు దగ్గర వెలిసేసరికి 1857 అయింది. అక్కడి సొంత నావికులకి యూనిఫాం వచ్చిన ఏడాదే అది. నీలిమందు కన్నా నీలిమందు మోసినవాళ్లు ఆలస్యంగా లెక్కలోకి వచ్చారు.

సరే, కోటు కొనాలి కదా. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటర్‌లూప్లేన్ అని పాత సామాన్ల సంత ఉంది. మనకి ఆదివారం సంతలా ఉంటుంది, ఆదివారం తప్ప. సైకిల్ చెయిన్లు, గ్రామఫోన్ రికార్డులు, పాత మిలిటరీ బట్టలు. రెండు ప్రపంచ యుద్ధాలూ అయ్యాక సైన్యాల దగ్గర మిగిలిపోయిన బట్టలు ఇలాంటి కొట్లలోకే వచ్చిపడ్డాయి. చవగ్గా, వెచ్చగా ఉంటాయని విద్యార్థులూ, పాటగాళ్లూ కొనుక్కున్నారు. 1962లో పారిస్‌లో ఈవ్ సాన్ లారాన్ తన సొంత పేరు మీద పెట్టిన మొదటి ఫ్యాషన్ షోలో మొదటి అమ్మాయిని ఈ కోటుతోనే నడిపించాడు. అప్పటినుంచి దీని రేటు వేరు. అసలు హక్కుదారులేమో వదిలేస్తున్నారు. అమెరికా నౌకాదళంలో 2020 అక్టోబర్ నుంచి పీ కోటు తప్పనిసరి కాదు, దాని స్థానంలో నల్ల పార్కా వచ్చింది.

నేను పట్టుకున్నది అమెరికా నౌకాదళం కోటే. లోపలి లైనింగు మీద అచ్చుపెట్టి కొట్టిన పేరూ నంబరూ సగం చెరిగిపోయి ఉన్నాయి. అక్కడ ప్రతి నావికుడూ తన బట్టల మీద అలా పేరు వేసుకోవాలి. అమ్మేవాడు అరవై యూరోలన్నాడు. నేను పేరు చూపించి ‘వేరేవాడి పేరున్న కోటుకి అరవయ్యా?’ అంటే నవ్వి నలభైకి దిగాడు. పూర్ణా మార్కెట్‌లో బేరం నేర్చుకున్నదాన్ని, ఆమ్‌స్టర్‌డామ్ ఒక లెక్కా! తూకం వేస్తే రెండు కిలోల పైచిలుకు.

ఆ శనివారం అమ్మాయి కారులో రోటర్‌డామ్ తీసుకెళ్లింది. రేవు ఊళ్లో ఉండదు. ఊరు దాటాక నలభై కిలోమీటర్లు, సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద క్రేనులు. వాడికి నాలుగు గంటల టైమిచ్చారు. నావికుల కోసం నడిపే ఒక చిన్న క్యాంటీన్లో కలుసుకున్నాం. తొమ్మిది నెలల తర్వాత చూడటం. చిక్కాడా, రంగు తగ్గాడా అని నేను చూస్తుంటే, వాడు పాపని ఎలా ఎత్తుకోవాలా అని చూస్తున్నాడు. గేటు దగ్గర్నుంచి వాడు వేసుకొచ్చిన పచ్చ కోటు కుర్చీ మీద పడేసి ఉంది. మెరిసే పట్టీలు, లోపల దూదిలాంటి పొర, ఎత్తితే చొక్కా అంత తేలిక.

పీ కోటు విప్పి చూపించాను. భుజాల మీద పట్టి చూశాడు.

‘అమ్మా, ఇది తడిస్తే నాలుగు కిలోలవుద్ది. దీంతో నీళ్లలో పడితే ఇంకేమన్నా ఉందా?’

‘అలాంటి మాటలు నోట్లోంచి తియ్యకు.’

‘కాదమ్మా, లైఫ్‌బోట్ల డ్యూటీ నాదే. నీళ్లలో పడ్డవాడి గురించే మాకు ట్రైనింగ్. అయినా మా బ్రిడ్జిలో హీటరుంటుంది. టీషర్టుతో నిలబడతాను.’

‘డెక్కు మీదకి పోవా?’

‘పోతే ఇది ఉందిగా’ అని పచ్చకోటు చూపించాడు. ‘కంపెనీయే ఇస్తుంది. ఊరికే.’

ఆ ఊరికే అన్న మాట నాకు నచ్చింది. మూడు వందల ఏళ్లు పట్టింది ఆ మాటకి. కోటు మాత్రం మిగిలిపోయింది. వాడే చివర్లో దాన్ని నా భుజాల మీద వేసి, బొత్తాలు పెట్టి చూపించాడు. రెండు వరసలు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. గాలి ఎటునుంచి కొడితే అటువైపు రెక్క పైకి వచ్చేలా మార్చుకోవచ్చు. అందుకే రెండువైపులా గుండీ కన్నాలు. పొట్టిగా ఎందుకుందంటే తాళ్ల నిచ్చెనలు ఎక్కేటప్పుడు కాళ్లకి అడ్డం పడకూడదు. జేబులు నిలువుగా ఎందుకున్నాయంటే, వేళ్లు కొంకర్లు పోయినప్పుడు చేతులు తిన్నగా లోపలికి జారిపోవాలి. ఇవన్నీ వాడికి ఎవరూ చెప్పలేదు, చూసి చెప్పాడు. ‘మంచి డిజైనే’ అన్నాడు ఒప్పుకుంటున్నట్టు. ఆవకాయ జాడీ, జంతికలు తీసుకుని గేటు లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పదింటికి వాడి ఓడ కదులుతుందన్నాడు, బ్రెమర్‌హావెన్‌కి. ఆ దారి టెక్సెల్ దీవి బయటినుంచి పోతుంది. నేను అమ్మాయికి పప్పు, చారు చేసిపెట్టి, కోటు వేసుకుని టెక్సెల్ రైలెక్కాను. రైలు డెన్ హెల్డర్‌లో ఆగిపోతుంది, అక్కడినుంచి ఫెర్రీ, ఇరవై నిమిషాలు. దీవి నిండా గొర్రెలు. మనుషుల కన్నా అవే ఎక్కువ కనిపించాయి నాకు. వాటి కొట్టాలు భలే ఉంటాయి. ఇల్లు కట్టి సగానికి కోసేసినట్టు, నైరుతి వైపుకి కప్పు నేల దాకా వాలి ఉంటుంది. గాలి దాని మీదనుంచి జారిపోవాలని.

ఔడెస్కిల్డ్ అనే పల్లెలో కాప్ స్కిల్ మ్యూజియం ఉంది. అందులో టెక్సెల్ లంగరు రేవు నమూనా ఒక పెద్ద హాలంత పొడుగున పరిచి పెట్టారు. బొమ్మ ఓడలు వందలకొద్దీ. మచిలీపట్నం వైపు బయల్దేరే ఓడలు కూడా ఇక్కడే ఆగేవి. తూర్పుగాలి వీస్తే గానీ బయటికి పోలేవు, ఆ గాలి కోసం వారాల తరబడి పడిగాపులు. ఊరి పక్క నూతుల నీళ్లలో ఇనుము ఎక్కువ, పీపాల్లో చాలాకాలం చెడిపోదు. ఓడలవాళ్లు ఆ నీళ్లు కొనుక్కునేవాళ్లు, వచ్చిన డబ్బు దీవిలోని అనాథాశ్రమానికి వెళ్లేది. ఇప్పటికీ వాటి పేరు అనాథల బావులే. ఓడల ఊళ్లో అనాథలకి కొదవుండదు కదా.

1593 డిసెంబర్ 24 రాత్రి ఇక్కడ తుఫాను వచ్చింది. లంగరు వేసి ఉన్న ఓడల్లో నలభై దాకా ఒక్క రాత్రిలో మునిగిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు రూమర్ విషర్‌కీ అందులో నష్టం జరిగింది. మూడు నెలలకి ఆయనకి కూతురు పుట్టింది. ఆ పిల్లకి పెట్టిన పేరు మరియా టెసెల్స్‌కాడె. టెసెల్స్‌కాడె అంటే టెక్సెల్ నష్టం. ఆవిడ పెరిగి పెద్దయి మంచి కవయిత్రి అయింది. అయినా చూడండి, కూతురికి ‘తుఫాను నష్టం’ అని ఎవరన్నా పేరు పెడతారా? మా మనవరాలికి ఇంకా బారసాల కాలేదు. వాళ్ల మావయ్య ఓడ పేరు కలిసొచ్చేలా ఏదైనా పెడదామని నేను ఒకసారి అన్నాను గానీ, ఈ కథ విన్నాక ఆ మాట ఎత్తదలుచుకోలేదు.

నాలుగున్నరకి దీవికి పడమటి వైపున్న డె కోగ్ బస్సు దిగి ఇసుక దిబ్బలెక్కాను. అవతల ఉత్తర సముద్రం. మన సముద్రంలా నీలం కాదు, చారునీళ్ల రంగు. గాలికి కళ్లు తెరవలేకపోయాను. కాలర్ లేపి చెవులు దాచుకున్నాను. కోటు లోపల మాత్రం, చెప్పొద్దూ, కుంపటి పక్కన కూర్చున్నట్టుంది. నా మెడ వెనకాల ఎవరిదో చెరిగిపోయిన పేరు.

యాప్‌లో వాడి బాణం గుర్తు దీవికి తిన్నగా పడమర వచ్చింది. దూరం ఎక్కువ, కంటికి ఏమీ ఆనదు. అంచున ఒక మసక గీత కనిపిస్తే అదే అనుకున్నాను, అది మబ్బు. ఐదు దాటాక వాడినుంచి మెసేజ్ వచ్చింది.

‘టెక్సెల్ దాటుతున్నాం. బయట ఉన్నావా?’

‘ఉన్నాను.’

‘బొత్తాలు ఎటు పెట్టుకున్నావు?’

చూసుకున్నాను. ఆడవాళ్ల అలవాటు కొద్దీ కుడి రెక్క పైకి ఉంది.

‘కుడి పైకి.’

‘గాలి నైరుతి. నువ్వు సముద్రం వైపు తిరిగుంటే ఎడమ నుంచి కొడుతుంది. ఎడమ పైకి పెట్టుకో.’

చేతి తొడుగులు తియ్యకుండానే మార్చుకున్నాను. అంత పెద్ద బొత్తాలు ఎందుకో అదీ తెలిసింది. ఒక ఫొటో తీసి పంపాను, నాకు కనిపిస్తున్న సముద్రం. వాడు బ్రిడ్జి కిటికీలోంచి ఒకటి తీసి పంపాడు. కింద వరసగా కంటైనర్లు, పైన బూడిద రంగు. ‘జంతికలు కెప్టెన్‌గారు సగం తినేశారు’ అని కింద రాశాడు.

ఫెర్రీకి వెళ్లే బస్సు ఐదు ముప్పావుకి. దిబ్బ దిగుతుంటే గాలి వీపు మీదకి వచ్చింది.